పార్కు పుట్టినరోజు

మెట్టుగూడలో కాలనీ సంఘం కార్యదర్శి విమలమ్మ ఇంటికి, ఆహ్వానపత్రిక పట్టుకుని పొద్దున్నే కాంట్రాక్టరు వచ్చాడు.

“అమ్మా, గీ కార్డు ఏంది? నేను ముఖ్య అతిథినా?”

“అవు బిడ్డా. పోయినేడు నువ్వు కట్టిన పార్కుకు మొదటి పుట్టినరోజు చేస్తున్నం.”

“ఏ పార్కు?”

“మన గల్లీ ఎనకది. సమాచార హక్కు కింద అడిగితే మున్సిపల్ ఆఫీసోళ్లే రాసిచ్చిన్రు. ఉయ్యాల, జారుడుబండ సుత ఉన్నయట. బిల్లు సుత తీసుకున్నవట.”

“ఆడ చెత్తకుప్ప తప్ప ఏమున్నదమ్మా!”

“గిదే మాట ఆదివారం విజిలెన్స్ సార్ల ముంగట చెప్పు. వాళ్లను సుత పిలిచినం.”

“జెర ఆగున్రి అమ్మా! ఫంక్షన్ పరేషాన్ ఎందుకు? శనివారంకల్లా నేనే పార్కు చేపిస్తా.”

“శనివారం పుడితే, ఆదివారానికి దానికి ఏడాది ఎట్ల నిండుతది బిడ్డా?”