తడి మట్టి బరువు

ఆ కాగితం నాకెందుకండీ చూపిస్తారు? లీటరుకి ఎంతిస్తుందో, వెనక ఎన్ని కిలోలు లాగుతుందో, పోయినసారి కూడా అన్నీ ఇలాగే కాగితం మీద ఉన్నాయిగా! ఇదే షోరూము, ఇదే సోఫా. ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ వచ్చి కూర్చున్నాం. మీకు సిగ్గుగా లేదూ? నాకుంది.

కూర్చోండి అల్లుడుగారూ, నిలబడి ఏం ఉద్ధరిస్తారు. మా అమ్మాయి ఇప్పట్లో రాదు. బుజ్జిదానికి అన్ని బండ్లూ ఎక్కించి చూపిస్తోంది, భయం పోతుందేమోనని. చూశారా అద్దంలోంచి? స్టీరింగు దగ్గర కూర్చుంటోంది, హారన్ కొడుతోంది, నవ్వుతోంది. వెనక సీటు తలుపు తీస్తే మాత్రం అమ్మ కాళ్లు చుట్టేస్తోంది. ఐదేళ్ల పిల్ల! భుజానికి కట్టు విప్పి ఇంకా నాలుగు రోజులు కాలేదు.

అటు చూడకండి. చూసింది చాలు. ఇటు చూడండి, మాట్లాడుతున్నాను కదా.

ఆ సేల్స్ ఆయన మనల్ని చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు గమనించారా? గుర్తుపట్టాడు. ఎలా గుర్తుపట్టడు? నోట్‌బుక్ పట్టుకుని బండి కొనడానికొచ్చిన మనిషి మీరొక్కరేగా ఈ ఊళ్లో. గీతలు గీసి, గడులు కట్టి, పెట్రోలొక గడి, డీజిలొక గడి, ఇంట్లో మనుషులం నలుగురం ఎలా కూర్చుంటాం, వెనక కుండీల ట్రాలీ కడితే బండి ముక్కు పైకి లేస్తుందా... అబ్బబ్బ! పెళ్లిచూపులకి కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు మీరు.

మందుల కంపెనీ గోదాములో మాత్రలు లెక్కపెట్టిన చెయ్యి కదా. పోదు ఆ అలవాటు.

ముప్పై ఏళ్లండీ నేనీ పని చేస్తున్నది! ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, డాక్టర్ల గదుల్లో పచ్చగా నిలబడే కుండీలన్నీ ఎవరివి? నావి. అద్దెకిచ్చినవి. వారం వారం వాడిపోయినవి తెచ్చుకోవడం, కళగా ఉన్నవి పెట్టిరావడం. మీ మావగారు ఉన్నన్నాళ్లూ బండి ఆయన తోలారు. ఆయన పోయాక చుట్టాలంతా ఏమన్నారో తెలుసా? మొక్కలమ్మేసి ఇంట్లో కూర్చో అన్నారు. నలభై ఆరేళ్ల వయసులో నేర్చుకున్నాను డ్రైవింగు. నా ఎత్తేమో నాలుగడుగుల పది. రెండు దిళ్లు వేసుకుని, మెడ సాచి, ట్రాలీ వెనక్కి పెట్టడం నేర్చుకున్నాను. వెనక్కి పెట్టడం! మీరు ఈ రోజుకీ పెట్టలేరు. కుడికి తిప్పితే ఎడమకి పోతుంది, ఎడమకి తిప్పితే కుడికి పోతుంది, మీరేమో దిగి నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుంటారు.

ఏంటి? నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. మూడు వారాల తర్వాత మొహంలో ఒక కదలిక కనిపించింది, సంతోషం.

అదేనండీ నాకు ఒళ్లు మండేది. మీ ఈ మౌనం! బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. ఎవరేమన్నా సరే. మా అమ్మాయి అంది, మా మరిది అన్నాడు, ఆఖరికి పక్కింటావిడ కూడా మీ మొహం మీదే అంది, చిన్నపిల్లని పెట్టుకుని ఆ బరువేంటి నాయనా, చూసుకోవద్దూ అని. మీరేమన్నారు? తల ఊపారు. తప్పు నాదేనన్నట్టు తల ఊపారు!

సరే, అసలు సంగతికి వద్దాం. పోయినసారి పాత వ్యాను ఇక లాగలేనని మొరాయించింది. కొత్తది కావాలి. ఇంటికీ పనికిరావాలి, ట్రాలీకీ పనికిరావాలి, పెట్రోలు తాగకూడదు. ఈ మూడూ ఒక్కదాంట్లో దొరకవని మీరు మొదటిరోజే అన్నారు. ఒప్పుకుంటాను, అన్నారు. పెద్ద డీజిలు బండి తీసుకుందాం అత్తయ్యా, టన్ను పైనే లాగుతుంది, లీటరుకి పదమూడే ఇస్తుంది కానీ పిల్లా పెద్దా ఉన్న బండి అన్నారు. నేను కాదన్నాను. చిన్న పెట్రోలు బండే కావాలన్నాను. లీటరుకి ఇరవై! ఏనుగుని మేపుతారా ఇంట్లో, అని నలుగురిలో మిమ్మల్ని దులిపేశాను. గుర్తుందా? ఇక్కడే. ఈ సోఫాలోనే.

దాని కొక్కేనికి ఐదొందల కిలోలు మించి తగిలించకూడదన్నాడు ఆ సేల్స్ ఆయన. అప్పుడు మీరేమన్నారు? పోట్లాట ఎందుకత్తయ్యా, కుండీలన్నీ ఎక్కించి లారీల కాటా మీద పెడదాం, ఎంత తూగితే అంత, దాని ప్రకారం చేద్దాం అన్నారు. వారం టైమిచ్చారు నాకు. శనివారం పొద్దున్న కాటా. ముప్పై ఆరు కుండీలు, ట్రాలీతో కలిపి నాలుగొందల డెబ్బై నాలుగు. చీటీ మీ చేతికే ఇచ్చాడు కాటావాడు. మీరు చూశారు, మడిచారు, జేబులో పెట్టుకున్నారు. ఇక్కడికొచ్చి సంతకం పెట్టారు, ఇంతకు మించి బరువు కట్టం అని. మీ సంతకమే. గుండ్రంగా, ముద్దుగా.

అందుకే కదా ఇప్పుడందరి నోళ్లలో మీరే! లెక్క తప్పింది మీది. చీటీ మీది. సంతకం మీది. నేనెవర్ని? స్టీరింగు తిప్పి, కొండమీద ఆస్పత్రి దిగువలో బండిని గోడకి రాసి ఆపిన మహాతల్లిని! మా మరిది ఏమన్నాడు? వదిన కాబట్టి ఆపింది, ఇంకొకరైతే లోయలో తేలేవాళ్లు అన్నాడు. దండేసి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ.

మీరు నా పక్కనే ఉన్నారు కదండీ. మీరు చెప్పండి. నేను ఆపానా?

వెనకనుంచి ట్రాలీ తోసేస్తుంటే బ్రేకు మీద నిలబడ్డాను. బ్రేకు పట్టలేదు. అది పక్కకి తిరిగింది, మనల్ని తిప్పింది, గోడ అడ్డొచ్చింది. అంతే. నేనాపలేదు. గోడ ఆపింది. బుజ్జిది అరవను కూడా లేదు, బెల్టు బిగుసుకుపోయి ఊపిరాడక. ఆ బెల్టు పెట్టింది మీరు. బడి కొండ కిందే కదా, దిగగానే దింపేస్తాం, ఇంత దూరానికి ఎందుకన్నాను నేను. మీరు వినలేదు. దిగి, వెనక్కెళ్లి, లాగి చూసి మరీ పెట్టారు. భుజం ఎముక చిట్లింది. పిల్ల మిగిలింది.

మంచినీళ్లా? వద్దు. నాకేం వద్దు. కూర్చోండి మీరు.

సోమవారం వెళ్లిపోతున్నారటగా. పొద్దున్న మా అమ్మాయి అంటుంటే విన్నాను. మీరు మళ్లీ ఆ మందుల కంపెనీలో చేరిపోండి, అక్కడే గది తీసుకోండి, ఆదివారాలు వద్దురుగాని, బండ్ల సంగతి అమ్మ చూసుకుంటుంది అంది. మొగుడితో అనే మాటా అది? మీరేమన్నారు? సరే అన్నారు. ఒక్క ముక్క. ఆ సరే ఏంటండీ! నోట్లో నాలుక లేదా? చదువుకున్నవారు, తప్పు మీది కాదని తెలిసినవారు...

అవును. తెలిసినవారనే అన్నాను.

తెలుసు మీకు. నాకు నాటకాలు వద్దు. ఆ శనివారం కాటా మీంచి ట్రాలీ దిగాక, ఆ చివర కుండీలో వేలు పెట్టి చూశారు మీరు. నేను తాడు బిగిస్తున్నాననుకున్నారు. చూస్తూనే ఉన్నాను. వేలికి మట్టి కూడా అంటలేదు, దుమ్ము రాలింది. రుమాలుతో తుడుచుకున్నారు. నా వైపు చూశారు. నేను చెట్ల వైపు చూశాను. అడుగుతారనుకున్నాను, ఏంటత్తయ్యా ఇంత ఎండిపోయాయి అని. అబద్ధం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను, మోటారు చెడిపోయిందని. మీరడగలేదు.

అప్పటికే ఆ ఉద్యోగం మానేసి ఆర్నెల్లుగా మీరు మాతో పనిచేస్తున్నారు. మొక్క ట్రాలీ ఎక్కే ముందు కుండీ పొంగేదాకా నీళ్లు పోస్తామని తెలీదా మీకు? ఏసీ గదిలో వారం బతకాలి కదా అది. తడిస్తే ఒక్కో కుండీ ఐదు కిలోలు పెరుగుతుంది. ముప్పై ఆరు ఐదులెంతండీ? మీకు లెక్కలొచ్చుగా! నూట ఎనభై. రోజూ మనం కట్టుకు తిరిగింది నాలుగొందల డెబ్బై నాలుగు కాదు. ఆరొందల యాభై పైనే.

నాలుగు రోజులు నీళ్లు పోయలేదండీ నేను. మంగళవారం నుంచి. ముప్పై ఏళ్లలో ఒక్క మొక్కని దాహంతో ఉంచని మనిషిని, గొట్టం చుట్టి గదిలో పెట్టి తాళం వేశాను. గురువారానికి ఆకులు వేలాడిపోయాయి. ఎవరికీ కనబడకుండా బాగా వాడిపోయినవి మధ్యలో పెట్టాను. కాటా నుంచి ఇంటికొచ్చాక మీరంతా భోజనాలకి కూర్చుంటే నేను పెరట్లో గొట్టం పట్టుకుని ఏడ్చాను. ఆరు మొక్కలు తేరుకోలేదు. పురుగని చెప్పాను మీకు.

తర్వాత క్లచ్ కమురు వాసన వచ్చిన రోజు కూడా నాకు తెలుసు ఎందుకో. లీటరుకి ఇరవై అన్నది పన్నెండు దాటకపోతే, మీరు ఏసీ ఎక్కువ వేస్తున్నారని మీ మీదే ఎగిరాను. ఊళ్లో చదును రోడ్లున్నన్నాళ్లూ నడిచిపోయింది. కొండమీద ఆస్పత్రి వాళ్లు నాలుగు కుండీలకి పిలిచారు, మిగతావి కట్టుకునే కిందికి దిగాలి. అంత పల్లం అని తెలిసీ వెళ్లాను.

ఎందుకని అడగరేం? అదీ అడగరా? మీరు మనిషేనా అసలు!

నేనే చెప్తాను. ఆ పెద్ద బండి నడిపి చూశాం గుర్తుందా? ముందు నన్ను కూర్చోబెట్టాడు ఆ సేల్స్ ఆయన. దిళ్లు వేసుకుంటే కాళ్లందవు, తీసేస్తే రోడ్డు కనబడదు. సీటు ఎంత ముందుకి లాగినా అంతే. వాడు నవ్వాపుకున్నాడు. దిగిపోయాను. మీరెక్కారు. మీ కాళ్లు చక్కగా అందాయి. మా అమ్మాయి నవ్వుతూ మీ పక్కనెక్కింది. నన్ను బుజ్జిదాని పక్కన, వెనక. రౌండ్ కొట్టొచ్చేదాకా మీ ఇద్దరి తలకాయల వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. మీరేదో అన్నారు, అది నవ్వింది, నాకు వినబడలేదు. ఇక ఇదే నా చోటు అనుకున్నాను. ముందు బండి మీదవుతుంది, తర్వాత ఆఫీసులవాళ్లు మీకు ఫోన్ చేస్తారు, తర్వాత మొక్కలు మీవి. నేను వెనక సీట్లో పిల్లని ఆడించే ముసలిదాన్ని.

భయమేసిందండీ. ఆయన పోయిన రోజు కూడా అంత భయం వెయ్యలేదు.

అలా జాలిగా చూడకండి. అది నాకు నచ్చదు. మీరూ నాకు నచ్చరు. కుండీకి కుండీకి మధ్య జానెడు కొలిచి పెట్టే మనిషి నాకెప్పటికీ నచ్చడు. కానీ ఈ మూడు వారాలూ నేను ఎదురుచూశాను. ఈ పూట చెప్తారు, రేపు చెప్తారు అని. మీ అమ్మే కుండీలు ఎండబెట్టింది అని మా అమ్మాయితో ఒక్క మాట అంటే, నేను గొడవపడి, అరిచి, అబద్ధాలకోరు అని తిట్టి, ఎలాగో బతికేదాన్ని. మీరా అవకాశం కూడా ఇవ్వలేదు. మిమ్మల్ని చూస్తే ముద్ద దిగట్లేదు నాకు.

అదిగో, వస్తున్నారు. మీరు నోరెత్తకండి. ఇన్నాళ్లూ ఎత్తలేదుగా, ఇంకో ఐదు నిమిషాలు మూసుకోండి. మీరు చెబితే పోనీలేవే, పెద్దావిడ అని చివర్లో తగిలిస్తారు. ఆ పోనీలే నాకొద్దు. అది తిడితే తిట్టనివ్వండి. బుజ్జిదాన్ని నా దగ్గరికి రానివ్వకపోతే... రానివ్వకపోతే ఏముంది. రానివ్వదు.

ఏమ్మా, అయిందా చూడటం? దాన్ని వాళ్ల నాన్నకివ్వు. నువ్విలా కూర్చో.

కాదే, మీ ఆయన ఏమీ అనలేదు. ఇప్పుడే కాదు, మూడు వారాల నుంచీ ఏమీ అనలేదు. అదే చెప్పబోతున్నాను, కూర్చో.