లిఫ్టులో లారీ నడిపిన బావ

తన ఆఫీసు ఎదుటి టీకొట్టులో బావ రెండో గ్లాసు అందుకోగానే మరదలికి అర్థమైపోయింది, ఈ మనిషి ఇప్పట్లో బల్ల మీంచి లేవడని. ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. సాయంత్రం కంప్యూటర్ ఆటలు అమ్మిపెట్టే కంపెనీ వాళ్ళు వస్తున్నారు. గాలివానలో సరుకు లారీ నడిపే ఆట అది, ఉద్యోగం మానేసి రెండేళ్ళు కూర్చుని తయారుచేసుకుంది. వాళ్ళు తమ సొంత కంప్యూటర్లు తెచ్చుకుని, మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా ఆడి చూస్తారు. నడిస్తే తీసుకుంటారు, నడవకపోతే మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. ఆమె తయారుచేసింది అందరి ఇళ్ళలో ఉండే మామూలు సిస్టమ్‌కి. ఖరీదైన తెల్ల కంప్యూటర్లలో ఉండేదానికీ, జనం ఉచితంగా దించుకునేదానికీ దాన్ని సరిచేసే పని అక్క మొగుడైన ఈ బావకి అప్పజెప్పింది. నిన్న ఆయన "మూడింట్లోనూ నడుస్తోంది, పూచీ నాది" అంటే నమ్మి, కంపెనీ వాళ్ళకి ఆ మాటే చెప్పేసింది. పొద్దున్నుంచి చూపించమంటే, టీ తాగొచ్చి చూపిస్తానంటున్నాడు.

"మొదట్లో చిన్న నసేనండీ," అంటున్నాడు బావ, టీకొట్టాయనతోనూ, పార్సిళ్ళ సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న కొరియర్ ఆయనతోనూ. "ఆ తెల్ల కంప్యూటర్లో లారీ మూలుగుతూ ముక్కుతూ కదులుతోంది, నాకసలే ముక్కు మీద కోపం కదా, ఎవడ్రా నువ్వు మా మరదలి లారీని ఆపడానికి అన్నాను, కూర్చున్నాను, ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను మార్చాను. అంతే, లారీ దూసుకుపోయింది."

"ఒక్క లైనేనా?" అన్నాడు కొరియర్ ఆయన.

"ఒక్కటే. రెండోది రాస్తే గోడ బద్దలుకొట్టుకుని పోయేది. ఆ ఒక్కదానికే తెరలోంచి గాలి వచ్చి నా టేబుల్ మీది కాగితాలన్నీ ఎగిరిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బావా, అదంతా సరే," అంది మరదలు. "మూడో సిస్టమ్‌లో నడిచిందా లేదా?"

"అక్కడికే వస్తున్నానమ్మా, ఆగు. అదేనండీ అసలు మొండిఘటం. ఆటని ముట్టుకోనంటుంది. ఫలానా ఫైలు లేదంటుంది, తెచ్చిపెడితే ఇంకోటి లేదంటుంది, అత్తగారికి కూడా అన్ని వంకలు ఉండవు. నేను మంచిగా చెప్పాను, వినలేదు. అప్పుడిక లేచి తలుపేసి, చొక్కా చేతులు పైకి మడిచి, దాన్ని తిట్టడం మొదలుపెట్టాను చూడండీ, దాని వంశం మొత్తాన్నీ ఎత్తి తిట్టాను. ఫ్యాను భయపడి తిరగడం ఆపేసింది. తెర తెల్లబోయింది. ఇంకా ఇన్‌స్టాల్ కూడా చెయ్యలేదు, లారీ దానంతటదే స్టార్టయి హారన్ కొట్టింది."

టీకొట్టాయన గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇన్‌స్టాల్ చెయ్యకుండానేనా, గురువుగారూ?"

"చెయ్యకుండానే. పైగా ఎంత వేగం అంటారు, బయల్దేరమని మీట నొక్కేలోపలే సరుకు దిగిపోయింది. సరుకు ముందు చేరింది, లారీ వెనకాల వచ్చింది. అప్పుడు నాకు ఇంకా కోపం వచ్చింది. మూడు సిస్టమ్‌లేనా, ఇంకేం లేవా నాకు అన్నాను. మా ఆఫీసు లిఫ్టులో అంకెలు చూపించే బుల్లి తెర ఉంది కదా, దాంట్లో ఎక్కించాను. నడిచింది. నాలుగో అంతస్తుకి పోవాల్సిన మేనేజరు గేరు మార్చుకుంటూ రివర్సులో కిందికి దిగాడు. ఇంటికెళ్ళి బట్టలుతికే మిషన్లో ఎక్కించాను, మీ అక్కనడుగు కావాలంటే, దుప్పట్ల మీద టైర్ల అచ్చులు పడ్డాయి."

"అక్క నాకేం చెప్పలేదు," అంది మరదలు.

"సిగ్గుపడి ఉంటుంది."

కొరియర్ ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మరదలికి ఆ నవ్వు చూస్తే ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆయనకేం పోయింది, నవ్వుతాడు. సాయంత్రం ఆ కంపెనీ వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సింది తను. ఈ బావ పెళ్ళినాటి నుంచీ ఇంతే, పెళ్ళిపందిరి తనే ఒంటిచేత్తో మోశానన్నాడు. అది తెలిసి కూడా రెండేళ్ళ కష్టాన్ని ఈయన చేతిలో పెట్టినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"బావా, లిఫ్టులూ మిషన్లూ నాకొద్దు," అంది పళ్ళబిగువున. "మూడు కంప్యూటర్లలో నడవడం నువ్వు కళ్ళతో చూశావా? ఒట్టేసి చెప్పు."

బావకి రోషం పొడుచుకొచ్చింది. గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

"చూశావా అంటావేంటి? నామీదే అనుమానమా? నిన్న మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి నడిపాను. మూడు తెరల మీదా ఒకటే వాన, ఒకటే లారీ, వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత బాగా కుదిరిందంటే, ఆ చెట్టు కూలి రోడ్డుకి అడ్డంగా పడుతుంది చూడు, మూడింట్లోనూ ఒకే క్షణాన, ఒకే వంతెన ముందు పడింది. మూడు లారీలూ ఒకేసారి దాన్ని గుద్దుకున్నాయి. అలా కుదర్చమను ఇంకెవణ్ణయినా, చూస్తాను."

"ఒకే వంతెన ముందా?"

"ఒకే వంతెన."

మరదలు బల్ల మీదికి వంగింది.

"ఆ చెట్టు ఎక్కడ పడాలో నేనే రాశాను బావా," అంది. "పడే చోటు ఆడిన ప్రతిసారీ మారిపోవాలని రాశాను. ఒకే కంప్యూటర్లో వెంటవెంటనే రెండుసార్లు ఆడినా చెట్టు ఒకచోట పడదు. మూడు కంప్యూటర్లలో ఒకే వంతెన ముందు ఎలా పడింది?"

బావ నోరు తెరిచాడు. "అదే కదా నా..." అని ఆగిపోయాడు.

"పోయిన వారం కొత్తవాళ్ళకి పని నేర్పడానికి, నీ కంప్యూటర్ తెర మీద ఉన్నదే మిగతా రెండు తెరల మీదా కనిపించేలా పెట్టానని నాతో అన్నదెవరు?"

"నేనే."

"తీసేశావా?"

కొరియర్ ఆయన నవ్వు ఆపేశాడు. టీకొట్టాయన పాలు పొంగుతున్నాయేమోనని పొయ్యి వైపు తిరిగాడు, పొయ్యి మీద పాలు లేవు.

"నువ్వు చూసింది నేను తయారుచేసిన ఆటే బావా. నేను ఇచ్చింది ఇచ్చినట్టు, నీ ఒక్క కంప్యూటర్లో. దాన్నే మూడు తెరల మీద చూసుకుని మురిసిపోయావు. నువ్వు సరిచేసినవి అసలు తెరుచుకున్నాయో లేదో కూడా నీకు తెలీదు. నా కొంప ముంచావు."

"కోప్పడకే," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "సాయంత్రానికి చాలా టైముంది. వాళ్ళకి ఏదో ఒకటి చెబుదాంలే, కరెంటు పోయిందనో, వైరస్ వచ్చిందనో. నాకొదిలెయ్, నేను మాట్లాడతాను."

"అవును, నువ్వే మాట్లాడతావు," అంది మరదలు. ఫోను తీసి కంపెనీ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, టీ మరకల మధ్య బల్ల మీద పెట్టింది. "ఇక్కడ ఇందరి ముందు లారీ నడిపావు కదా, వాళ్ళకీ చెప్పు. ఒక్క అబద్ధం వచ్చిందా, అక్కని కూడా మా ఇంటికి తీసుకుపోతాను, ఈ జన్మలో నీ ఇంటి గడప తొక్కం."

అవతల ఫోనెత్తారు. "చెప్పండి, సాయంత్రానికి అంతా సిద్ధమేనా? మూడింట్లోనూ నడుస్తోందన్నారు."

బావ కొరియర్ ఆయన వంక చూశాడు. ఆయన సంచి తాడు సర్దుకుంటున్నాడు. టీకొట్టాయన వంక చూశాడు. ఆయన కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతున్నాడు. మరదలి మొహం వంక మాత్రం చూడలేకపోయాడు.

"ఒక్కదాంట్లోనే నడుస్తోందండీ," అన్నాడు.

"మరి మిగతా రెండింట్లో?"

"నేను చూడలేదండీ," అన్నాడు బావ. ఆయన నోటి వెంట అంత చిన్న మాట ఆ కొట్టులో ఎవరూ ఎన్నడూ వినలేదు.