సన్న గొట్టం తుపాకి

నవ్వకు. గిండ్ల నవ్వుడేమున్నది? కాలు ఇటు పెట్టు, బామ్ రాస్త. మడమ చూడు ఎట్ల ఉబ్బిందో. గోడ దుంకేటప్పుడు యాదికి లేదా, నీ వయసెంతనో?

ఎవలన్న చూస్తరా? చూడనియ్యి. ఈ అరబ్బు దేశంల, ఈ ఖైతాన్ బస్తీల మొగడు పెండ్లాం కూసోని మాట్లాడుకునేటందుకు వేరే జాగ ఏడున్నది? నీ రూంల అందరు మొగోళ్లే. నేను పనిచేసే ఇంటికి నువ్వు రావద్దు. శుక్రారం పొద్దుగాల మూసిపెట్టిన ఈ మంగలిషాపు మెట్లే మన ఇల్లు. కూసో.

ఏం వెంకటేశూ, బాగున్నవా? ఆఁ, అన్నకేం గాలే తమ్మీ. పని కాడ నిచ్చెన మీదికెల్లి జారిండు.

చూసినవా? నీ అబద్ధం నేను గూడ ఎంత మంచిగ చెప్పిన్నో. అదొక్కటే మనకు కలిసేది.

నేను కొట్లాడనీకి రాలే, దేవిక నాయినా. ఒక్క మాట చెప్పి పోత. మళ్ల నేను పనిచేసే రుమైథియా దిక్కు రాకు. ఆ గోడెక్కకు. మా ఇంటామె తుపాకి తెప్పిచ్చుకున్నది.

ఇగో, మళ్ల నవ్వుతున్నవ్. ఉత్తగ బెదిరిస్తున్న అనుకుంటున్నవా? విను. మధ్యల అడ్డం రాకు.

మొన్న పగటీలి ఎండకు ఊరంత పండుకున్నది. నేను గూడ పండుకున్న. నువ్వు వీడియో కాల్ చేసినవ్. "రూమంత తిప్పి చూపియ్" అన్నవ్. ఎప్పుడన్న చూపియ్యనన్ననా? తలుపెనుక చూపిచ్చిన. మంచం కింద చూపిచ్చిన. స్నానాల గదిల బకెట్ గూడ వంచి చూపిచ్చిన. బకెట్ల మనిషి పడతడా అయ్యా? సిగ్గుతోని సచ్చుకుంట, ఎవలన్న వింటరేమోనని గుసగుసగ మాట్లాడుకుంట, వారం వారం ఫోన్ తిప్పిన. ఆ ఒక్క దినం తిప్పబుద్ధి కాలే. తలకాయ నొస్తుండె. కట్ జేసిన. గంతే. దానికి టాక్సీ మాట్లాడుకోని వచ్చి ఎనుక గోడ ఎక్కుతవా?

నీళ్ల కోసం లేచిన మామా వంటింటి కిటికీలకెల్లి నిన్ను చూసింది. మామా అంటె నాకన్న చిన్నదే. ఈడ ఇంటామెను గట్లనే పిలవాలె గనుక పిలుస్త. "హరామీ! హరామీ!" అని ఒర్రింది. దొంగను గట్లనే అంటరు వీళ్లు. నేను ఉరికొచ్చెటాళ్లకు గ్యాసు సిలిండర్ల మీదికెల్లి మళ్ల గోడ మీదికి పాకుతున్నవ్. ముఖం అటుంది. ఈపు చాలదా నాకు? పచ్చ అంగి. నేనే కొనిచ్చిన. చంకల చినిగితె నేనే కుట్టిన.

ఏం జేసిన్నంటవా? నేను గూడ ఒర్రిన. "హరామీ" అనే ఒర్రిన. మరి ఆమె మొత్తుకుంటుంటె నేను ఊకుంటె అనుమానం రాదా? పెండ్లయినంక నిన్ను నోరార తిట్టింది గదే మొదటిసారి. నిజం చెప్పాల్నంటె, కొంచెం హాయిగనే అనిపిచ్చింది.

మామా తలుపులన్నిటికి గొళ్లాలు పెట్టుకున్నది, దేవిక నాయినా. బడిల పంతులమ్మ. మొగడు ఇంకో పెండ్లి చేసుకోని పోయిండు. అప్పుడప్పుడు ఫోన్ చేసి బెదిరిస్తడు. ఆ ఇంట్ల ముసలి తల్లి, తను, నేను, ముగ్గురం ఆడోళ్లమే. గోడెక్కినోన్ని తన మొగడే పంపిండని ఆమె అనుమానం. ఆమె తన మొగనికి భయపడుకుంట నన్ను పట్టుకోని ఏడుస్తుంటె, గోడెక్కింది నువ్వైతివి, నా మొగనివి! నేను ఆమె ఈపు నిమిరిన. "ఏం గాదు మామా, ఏం గాదు" అన్న. నా చేతులు నాకే అసహ్యమైనయ్.

చెప్పాల్సింది. ఎట్ల చెప్పాలె? నేను పనిలకు కుదిరిన కొత్తల "నీ మొగడు ఎసొంటోడు భాగ్యా" అని అడిగితే, "బంగారం మామా, నా మీద ఎన్నడు చెయ్యెత్తలే, నా మాటంటె నమ్మకం" అని చెప్పిన. గొప్పలు చెప్పుకుంటె ఏం పోయిందనుకున్న. కడుపుల బాధ ఉన్నప్పుడల్ల ఆమె అదే ఎత్తుతది. "నీకేం భాగ్యా, అదృష్టవంతురాలివి" అంటది. ఇప్పుడా అదృష్టాన్ని గోడ మీద చూపియ్యాల్నా?

పోలీసులా? "వద్దు, వాళ్లొస్తె ముందు భాగ్యనే అడుగుతరు, భయపడతది" అన్నది మామా. నా కోసం ఒద్దన్నది.

తెల్లారి వాళ్ల తమ్ముడు తుపాకి పట్టుకొచ్చిండు. వాళ్ల నాయినది. ఎడారిల పిట్టలు కొట్టెటోడట. గొట్టం సన్నం, నా చిటికెన వేలు పట్టేంత. పెద్ద గొట్టం తుపాకైతె భుజం ఎగిరిపోతదట, గిదైతె ఆడమనిషి పేల్చగలదట. ఆడోళ్లకు ఏదిచ్చినా సన్నదే ఇస్తరు గదా. సన్నది గనుక తూటా చూసి ఏరుకోవాల్నట. సరైంది ఎయ్యకుంటె దొంగకు దురద పెట్టినట్టయితదని వాడే అన్నడు.

నేను చాయ్ పట్టుకపోయిన. టేబుల్ మీద మూడు డబ్బలు పెట్టిండు. చాకుతోని ఒక తూటా కోసి సాసర్ల పోసిండు. ఆవాలు! నువ్వు చూసినా ఆవాలే అనుకుందువు. పిట్టల కోసం చేసినయి. ఇంకోటి కోసిండు. శెనగలంత గుండ్లు, ఆ సన్న తూటాల ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నయ్. మూడో రకం కోయలే. దాంట్ల ఒక్కటే సీసం ముద్దనట, మనిషిలకెల్లి పోయి, గోడలకెల్లి పోయి, పక్కింటోన్ని సంపుతదట. "గిది ఇంట్ల పనికిరాదు" అని పక్కకు జరిపిండు. ముసలామె కొడుకును ఒక్కటే తిట్టుడు, తినే సాసర్ల విషం పోస్తున్నవా అని. తరువాత దాన్ని నేనే కడిగిన. ఎంత తోమినా నల్లగనే ఉండె.

మామా ఆవాలే కావాలన్నది. "భయపడి ఉరికితె చాలు, ఎవన్నీ సంపాలని నాకు లేదు" అన్నది. తమ్ముడు ఒప్పలే. "ఈ చిన్న తుపాకితోని ఇవేస్తె తోలు చీలుతది, మనిషి ఆగడు. ఇంక కోపంతోని మీదికొస్తడు. ఆపాల్నంటె పెద్దవే" అన్నడు. అన్నంక అడిగిండు, "ఎంత మనిషి? బక్కోడైతె, దగ్గరికెల్లి చిన్నవి గూడ సరిపోతయేమో. లావోడైతె లాభం లేదు."

మామా నా దిక్కు తిరిగింది. "నాకు భయంల ఏం కనబడలే. భాగ్యా, నువ్వు చూసినవు గదా. లావా, సన్నమా?"

చాయ్ పళ్లెం చేతుల ఉన్నది. అందరు నన్నే చూస్తున్నరు.

నువ్వెంతుంటవో నాకు తెల్వదా? నీ పక్కబొక్కలు చీకట్ల గూడ లెక్కబెడ్త. ఈ దేశమొచ్చినంక బెల్టుకు మేకుతోని ఎన్ని పొక్కలు పొడుసుకున్నవ్? సన్నం అంటె ఆవాలతోనే అయిపోతుండె.

"లావు మామా. దుక్కలెక్క ఉన్నడు" అన్న.

చూడకు నన్ను గట్ల. ఇంక ఉన్నది.

మామా లేచి వంటింటి తలుపు దిక్కు చూసుకుంట నిలవడ్డది. "వద్దు. ఆ తలుపెనుక ఉత్త చెక్క గోడ, దానెనుక భాగ్య మంచం. పెద్ద గుండ్లు చెక్కల ఆగవు. చిన్నవే ఉండనియ్యి" అన్నది. ఇన్నవా? దొంగొస్తె ఆమెకు నేను పండుకునే మంచం యాదికొచ్చింది. నువ్వు దాని కింద మొగోన్ని ఎతుకుతవ్.

అక్కడన్న ఊకుండాల్సింది. ఆమె దయతోని ఆవాలే పడుతుండె నీకు. నాకు నోరాగలే. "నేను మంచం జరుపుకుంట మామా, పెద్దవే పెట్టుకో" అన్న.

ఆమె వచ్చి నా నెత్తి మీద ముద్దు పెట్టింది. "నీ అంత ధైర్యం నాకు లేదు" అన్నది. ఆ ముద్దు కాడ ఇప్పటికీ మంటగనే ఉన్నది. ఇనుప మంచాన్ని ఒక్కదాన్నే అవతలి గోడకు గుంజుకున్న. మంచం కోళ్లు బండల మీద ఎంత చప్పుడు చేసినయో. ఆ పగటీలి చాన దినాలకు కమ్మగ నిద్రపోయిన. లేచినంక గానీ నేనేం చేసిన్నో నాకు తెలిసిరాలే.

'వాడు నా మొగడు' అన్న మాట నోట్లెకెల్లి రాలే. నిన్ను చూపిచ్చి నావోడు అననీకి సిగ్గయింది. కాల్చుమననీకి సిగ్గు కాలే. గిదేం సిగ్గో నాకే అర్థమైతలేదు.

ఇయ్యాల బస్సుల వచ్చుకుంట అనుకున్న. నీకు ఉన్నదంత చెప్త, తిరిగి పోయి మామాకు గూడ చెప్త. నౌకరి పోతె పోనియ్యి. అరబ్బీల ఎట్లనాల్నో దారిపొడుగు చదువుకున్న. హాదా జౌజీ, వాడు నా భర్త. హాదా జౌజీ. పక్కన కూసున్న ఫిలిప్పీను పిల్ల నన్ను పిచ్చిదనుకోని జరిగి కూసున్నది. నీ నోట్లెకెల్లి ఒక్క మాట వస్తె చాలనుకున్న. 'తప్పయింది' గూడ వద్దు. 'ఇగ రాను' అంటె చాలు.

అను.

ఏందీ? గట్టిగ చెప్పు, ఇనబడలే.

ఎవని కోసమా?

ఎవని కోసం నిన్ను సంపాలనుకున్న, అని అడుగుతున్నవా? ఇంత చెప్తె నీకు ఇనబడ్డది గదొక్కటేనా!

కాలు తియ్యి నా ఒళ్లెకెల్లి. తియ్యి. నా బస్సు టైమైంది.

సిగ్గు లేదా అంటవా? ఉన్నది. మస్తున్నది. రేపు పొద్దుగాల మామాకు చాయ్ ఇచ్చుకుంట ఆమె ముఖం చూడలేను, గంత ఉన్నది. అయినా దొంగ లావోడనే చెప్పిన. మార్చి చెప్ప.