వయ్యారిభామ కాదు

మదనపల్లెలో చర్మం డాక్టరమ్మ గది. రామసముద్రం గోవిందప్ప చొక్కా విప్పి, వీపు చూపిస్తూ కూర్చున్నాడు. పక్కన భార్య వసంతమ్మ.

"కొంచెం దూరంగా నిలబడి సూడమ్మా. సోమవారం పట్టీలు అంటించినప్పట్నుంచి ఈయప్ప స్నానం చేయలా. బస్సులో మా పక్క సీటు ఖాళీ."

"వీపు తడపొద్దని చెప్పింది నేనే కదమ్మా. ఒక్కో గడిలో ఒక్కో పదార్థం చుక్కంత పెట్టాం. ఒంటికి పడనిది ఏదైతే, అది పెట్టిన చోట పొంగుతుంది. బుధవారం పట్టీలు తీసి చూశాం. ఈ రోజు రెండోసారి..."

"ఈయప్ప వేళ్లకి దద్దుర్లు దేనివల్లో నేను చెప్తాను, రాసుకో. వయ్యారిభామ. మా చేని గట్టంతా అదే మొక్క."

"ఆ మొక్క గడి శుభ్రంగా ఉంది. వయ్యారిభామ కాదు."

"కాదా? సరిగ్గా సూడు."

"పొంగింది తలకేసే నల్లరంగు గడి. గోవిందప్పగారూ, రంగు వేస్తారా?"

"నేనా? లే... లేదమ్మా."

"ఆ తల సూడమ్మా! దూది అంటించినట్ట ఉండాది."

"దద్దుర్లు తలమీద లేవు, వేళ్లకే ఉన్నాయి. అంటే వట్టి చేతులతో ఎవరికో వేస్తున్నారు."

"ఎవురికో! ఏమయ్యా, గట్టుమీది వయ్యారిభామ కాదంటే, ఇంగో వయ్యారిభామ యాడుండాది?"

"గమ్మునుండు. డాక్టరమ్మ ముందర..."

"నెలకోసారి పుంగనూరు సంతకి పోతాండా అంటివి. ఒక్క వంకాయన్నా తెచ్చినావా?"

"బస్సు లేటయ్యి..."

"బస్సు లేటయితే చేతికి దద్దుర్లు లేస్తాయా?"

"అమ్మా, ఆగండి. గోవిందప్పగారూ, మొన్నటిదాకా పడిందే ఇప్పుడు పడకపోవచ్చు. ఒకసారి ఒళ్లు వద్దనుకుంటే ఇక జన్మలో ఒప్పుకోదు."

"మా పెండ్లయ్యి నలభై ఐదేండ్లాయ. నన్ను గూడా వద్దంటాదేమో ఆ ఒళ్లు!"

"మీరు మానేయాలి. ఇంకెవరినైనా పెట్టుకోమనండి ఆమెను."

"ఆ పిల్లకి ఇంకెవురుండారమ్మా? మొగుడు గూడా పాయె."

"పిల్లంట! ఎన్నేండ్లో ఆ పిల్లకి?"

"నలభై రెండు. కుడి భుజం పట్టేసి చెయ్యి తల కాడికి లేయదు. కుప్పంలో బట్టలంగట్లో పని. తెల్లజుట్టు కనపడితే రావద్దంటాడు షావుకారు."

"కుప్పంలోనా."

"ఊ."

"మన రేఖా?"

"మనకి చెప్పకుండా పెండ్లి చేసుకుని పోయిన నాడు, నా గడప తొక్కొద్దని కన్నబిడ్డని అంటివి. దాని గడప తొక్కొద్దని నన్ను అన్లేదు గదా."



"వసంతమ్మగారూ, నీళ్లు తాగుతారా?"

"వద్దమ్మా. ఏమయ్యా... అంతా నెరిసిపోయిందా?"

"పాపిటి కాడ ఎక్కువ. నీ మాదిరే."

"అల్లుడు పోయింది నాకేల చెప్పలా?"

"పేరెత్తితే కంచం ముందర్నించి లేసిపోతాంటివి. ఎట్ట చెప్పేది?"

"సరేనండీ. పూతమందు రాస్తాను. రంగు మాత్రం ఇక ముట్టొద్దు."

"నేను మానేస్తే దాని పని పోతాదమ్మా. వచ్చే సోమవారానికే మళ్లీ వేయాల..."

"నువ్వు గమ్మునుండయ్యా. డాక్టరమ్మా, ఆ నల్లరంగుది ఒక్క పట్టీ నా వీపుకి గూడా అంటించు. నాకు పడతాదో లేదో సూసుకుని కుప్పం నేనే పోతాను."