బానెట్టు మీద ఏడు గాట్లు

"ఈ బండి నీదేనా అన్నా?"

"నాదే."

"నీదేనా అని."

"నాదేనయ్యా. బోర్డు మీద పేరు చూసి వచ్చినా, తౌసిఫ్ అంటే నువ్వే కదా?"

"నేనే. పేపర్లు కూడా నీ పేరు మీదే ఉండాయా?"

"ఫిల్మ్ అంటించేదానికి పేపర్లెందుకు భాయ్? నేనేమన్నా లోను అడిగినానా?"

గూడూరు దగ్గర హైవే పక్కన తౌసిఫ్‌ది రేకుల షెడ్డు. రాళ్లు తగిలి కారు రంగు లేచిపోకుండా, కంటికి కనపడని ప్లాస్టిక్ పొర అంటించడం అతని పని. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ముదురు నీలం రంగు కారు పక్కన సంగం ఊరి నుంచి వచ్చిన నరేంద్రబాబు, ముప్పై ఏళ్ల రైతు, పరీక్ష తప్పిన పిల్లాడి మొహం వేసుకుని నిలబడ్డాడు.

"సరే, ఏం చెయ్యాల?"

"బానెట్టుకు ఫిల్మ్ వెయ్యాల. నాలుగు గంటలకల్లా అయిపోవాల. ఐదున్నరకు నేను స్టేషన్ కాడ ఉండాల."

"ఇయ్యాల కుదరదన్నా. సోమారం రా."

"సోమారం దాకా నేను బతికుండను. ఇటు చూడు. కనపడతా ఉండాయా?"

"ఏంది?"

"గాట్లు. ఇక్కడ రెండు పెద్దయ్యి, ఈ పక్క మూడు చిన్నయ్యి, ఆ అంచున రెండు. మొత్తం ఏడు. పొద్దున్నుంచి పదిసార్లు లెక్కపెట్టినా. ఒక్కటి కూడా తగ్గలా."

"రాళ్లు. టిప్పర్ ఎనకాల పోయినావు."

"పోలా."

"గ్రావెల్ టిప్పర్ ఎనకాల, బాగా దగ్గరగా పోయినావు. హారన్ కొట్టి కొట్టి దాటాలని చూసినావు."

"నువ్వు మెకానిక్కా, జోస్యం చెప్పేవాడివా?"

"రోజూ చూసేదే కదన్నా. ఈ షెడ్డుకు అన్నం పెట్టేది ఆ టిప్పర్లే. అది సరే, ఫిల్మ్ వేస్తే గాట్లు పోతాయని నీకెవరు చెప్పినారు?"

"పోవా?"

"ఫిల్మ్ అంటే అద్దం లాంటిది. కింద ఏముంటే అదే పైకి కనపడతది. నీ ఏడు గాట్లకు ఫ్రేము కట్టించినట్టు ఉంటది."

"అయితే కనపడనట్టు ఎయ్యి."

"ఎట్టా?"

"నల్ల ఫిల్మ్ లేదా నీ కాడ?"

"నీలం బండికి నల్ల బానెట్టా? చూసినోళ్లు, ఎవరి బండి బానెట్టు పీక్కొచ్చి పెట్టినారని అడగరా?"

"భాయ్, నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లొద్దు. నిజం చెప్పు. బండి ఎవరిది?"

"మా బావది."

"ఆఁ."

"ఆఁ అంటే ఏంది, ముందే తెలిసినట్టు?"

"ఏం లేదన్నా, ఊరికే. చెప్పు."

"వాకాడు ఊళ్లో హరినాథ్ అని, మా వాణక్క మొగుడు. బండి కొని మూడు నెల్లు. ఆయన ఎట్టాంటి మడిసో తెలుసా నీకు?"

"నాకెట్టా తెలుస్తది?"

"బండెక్కాలంటే చెప్పులు ఇప్పి చేత్తో పట్టుకోవాల. మా అక్క ఒకసారి పూలు పెట్టుకోని ఎక్కితే, రేకలు రాలతాయని తీయించి డిక్కీలో పెట్టించినాడు."

"అక్కనా?"

"పూలనయ్యా. అక్కను పెట్టించేవాడే, డిక్కీలో స్టెప్నీ ఉందని ఊరుకున్నాడు. మూడు నెల్ల నుంచి ఒకటే పాట. నా బండి మీద దోమ కూడా వాలలా, తోలడమంటే నాదే తోలడం, మీరంతా తోలేది దుక్కి, అని. పెళ్లిళ్లలో కూడా ఇదే. మంత్రాలు చదివే అయ్యవారు కూడా ఆపి వినాల్సిందే. ఏం, నవ్వుతా ఉండావు?"

"దగ్గొచ్చింది."

"అది దగ్గా?"

"సోపు నీళ్లు గొంతులోకి పోయినాయిలే. మరి అంత మడిసి బండి నీకెట్టా ఇచ్చినాడు?"

"ఇచ్చింది ప్రేమతో కాదు, పరీక్షకు. ఆయనా అక్కా నాలుగు రోజులు అరుణాచలం పోయినారు. ఆయనకొక చెల్లెలు, వినీల అని. నాకిచ్చి చెయ్యాలని పెద్దోళ్లు అనుకుంటా ఉండారు."

"పెద్దోళ్లేనా?"

"మేం కూడా అనుకుంటా ఉండాంలే. అందరూ సరే అన్నారు, ఈయనొక్కడే అడ్డం. పోయినేడు నేను ట్రాక్టర్ని కాలవలో దించినాను. తోలడం చాతగానోడికి చెల్లెల్ని ఎట్టా ఇచ్చేదని పదిమందిలో అనేసినాడు."

"నిజంగానే దించినావా?"

"కట్ట జారింది భాయ్. నేను దిగినా, ట్రాక్టర్ నా ఎనకాలే దిగింది. సరే, అక్క ఏడ్చి గోలచేస్తే, నాలుగు రోజులు నా బండి పెట్టుకో, గీత కూడా లేకుండా అప్పజెప్పు, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఇయ్యాల సాయంత్రం రైలు దిగతాడు. దిగంగానే ముందు ఈ బానెట్టు తడుముతాడు. అంతటితో నా పెళ్లి అయిపోయినట్టే."

"కవరు కప్పి ఇంట్లో పెట్టుకోని ఉంటే పోయేది గదా?"

"మూడు రోజులు పెట్టినా. కవరు మీద కోడి ఎక్కితే రాత్రంతా కాపలా కాసినా."

"నాలుగో రోజు?"

"మా సంగం బ్యారేజీ చూసేదానికి పోయినాం."

"పోయినాం?"

"పోయినాను."

"నీది సంగమే కదన్నా. రోజూ చూసే బ్యారేజీని బండేసుకోని పోయి చూసినావా?"

"నీళ్లొచ్చినాయని చెప్పినారు."

"సీటు బాగా ముందుకు జరిపి ఉంది. నీ మోకాళ్లు స్టీరింగుకు తగలవా?"

"నాకట్టా అలవాటు."

"లోపలి అద్దం కిందికి వంచి ఉంది. నీ ఎత్తుకు నీ చొక్కా గుండీలు తప్ప ఏం కనపడవు."

"నువ్వు ఫిల్మ్ అంటిస్తావా, పోలీస్ స్టేషన్ నడుపుతావా?"

"అన్నా."

"వినీలే తోలింది. చాలా? నేర్చుకుంటా అని అడిగింది, ఎట్టా కాదనేది? టిప్పర్ వాడు దారియ్యలా. ఆ పిల్లకు పౌరుషమొచ్చింది. బానెట్టు మీద టక్ టక్ మంటా ఉంటే, వానా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"వానే అన్నా."

"ఎండలోనా?"

"ఆ పిల్ల మొహం ఎలిగిపోతా ఉంది భాయ్. రాళ్లని ఎట్టా చెప్పేది? ఇప్పుడు కూడా తెలీదు దానికి. తెలియనియ్యను. తోలింది నేను, తగిలించింది నేను. నీ నోట్లోంచి ఆ పిల్ల పేరు రాకూడదు."

"రాదులే. ఒకరికి మాటిస్తే నేను తప్పను. అదే ఇప్పుడు నా ప్రాణానికి వచ్చింది."

"నీ ప్రాణానికేమైంది?"

"ఏం లేదు. ఆ చెంబు ఇటియ్యి. వేడినీళ్లు పోసి చూద్దాం."

"వేడినీళ్లా? బావ చన్నీళ్లతో తప్ప కడగడు."

"పట్టుకోన్నా. చెయ్యి పక్కకు తియ్యి, కాలతది. ఇట్టా పోసి, గుడ్డతో ఇట్టా మెల్లిగా తుడిచి... చూడు."

"అరె."

"చూసినావా?"

"చిన్నయ్యి మూడూ పోయినాయి. భాయ్, మూడూ లేవు. ఏం నీళ్లయ్యా ఇయ్యి?"

"కుళాయి నీళ్లే. ఫిల్మ్ కదన్నా, వేడి తగిలితే దానంతటది సర్దుకుంటది."

"ఏ ఫిల్మ్?"

"ఊఁ?"

"ఇంకా వెయ్యనే లేదు గదా. ఏ ఫిల్మ్ సర్దుకుంటది?"

"అంటే... ఏస్తే సర్దుకుంటదని."

"ఇప్పుడు సర్దుకున్నది ఏందని అడగతా ఉండా. ఉండు. ఈ అంచున గోటికి ఏదో తగులుతా ఉంది. పొర లాగుంది."

"పీకొద్దన్నా."

"ముందే ఫిల్మ్ ఉందా దీనికి?"

"ఉన్నట్టుంది."

"ఎవరేసినారు?"

"ఎవరో. బాగానే ఏసినారు. పనోడు."

"అయితే రాళ్లు తగిలింది ఫిల్మ్‌కే గదా, రంగుకు కాదు గదా? భాయ్, నా కళ్లల్లో నీళ్లొస్తా ఉండాయి. ఈ పాతది పీకేసి కొత్తది ఎయ్యి. అంతే. ఎవరికీ తెలీదు."

"పీకేది మాత్రం కుదరదు."

"ఎందుకు?"

"పీకితే దాంతోపాటు రంగు కూడా వస్తది."

"ఎట్టా వస్తది? పీకినా రంగుకు ఏం కాదు, కంపెనీ పెయింటుకు మా హామీ అని అంత పెద్ద బోర్డు పెట్టినావు."

"కంపెనీ పెయింటుకే హామీ అన్నా."

"మరి ఇది?"

"ఇది... ఆ గుడ్డ ఇటియ్యన్నా."

"తౌసిఫ్ భాయ్, ఇది కంపెనీ పెయింటు కాదా?"

"టీ తాగతావా?"

"నాకు టీ వద్దు. మూడు నెల్ల బండికి బానెట్టు మీద వేరే పెయింటు ఎట్టా వచ్చింది? అంటే... అబ్బ. దెబ్బ తగిలిన బండిని షోరూమోళ్లు రంగేసి, మా బావకు కొత్తదని అంటగట్టినారు."

"అట్టా కూడా అనుకోవచ్చు."

"అనుకోవచ్చు ఏందయ్యా, అదే. పాపం మా బావ. దోమ కూడా వాలలేదని ఊరంతా చెప్పుకుంటా ఉండాడే. వాళ్లను వదలకూడదు. కోర్టుకు లాగాల. నా ఫోన్ తియ్యి, జేబులో ఉంది. నా చేతులు తడిగా ఉండాయి."

"ఎవరికన్నా?"

"బావకే."

"వద్దన్నా."

"మోసం కనిపెట్టింది నేను. ఈ దెబ్బకు నన్ను నెత్తిన పెట్టుకుంటాడు. నొక్కు. స్పీకర్లో పెట్టు."

"నా మాట విని సాయంత్రం దాకా ఆగు."

"నొక్కు భాయ్... బావా, నేను, నరేంద్రను. యాడ ఉండారు?"

"కాట్పాడి దాటినాం. నా బండెట్టా ఉంది?"

"బండి సంగతే బావా. నువ్వు దిగులు పడొద్దు. నిన్ను షోరూమోళ్లు మోసం చేసినారు."

"ఎవరు?"

"నీ బానెట్టుకు ఉండేది కంపెనీ రంగు కాదు బావా. ఏదో గుద్దిన బండిని రంగేసి నీకిచ్చినారు. కేసేద్దాం. అక్కతో చదివినామె లాయరు గదా, అక్కకు చెప్తే..."

"ఆగు. ఉండు. మీ అక్క పక్కనే ఉంది, తలుపు కాడికి పోతా ఉండా... ఊఁ, చెప్పు. రంగు సంగతి నీకెట్టా తెలిసింది?"

"ఫిల్మ్ ఏసే షెడ్డులో చెప్పినారు బావా. గూడూరులో."

"నా బండి గూడూరులో ఎందుకుంది?"

"అది..."

"కవరు కప్పి నీ ఇంట్లో ఉండాల్సిన బండి, గూడూరు షెడ్డులో ఎందుకుంది రా?"

"రాళ్లు తగిలినాయి బావా. టిప్పర్ రాళ్లు. ఏడు. ఇప్పుడు నాలుగే."

"ఎవరు తోలినారు?"

"నేనే."

"నాకు తెలుసు. నాలుగు రోజులు. నాలుగంటే నాలుగు రోజులు ఒక బండిని చూసుకోలేనోడివి, ఆడపిల్లను నూరేళ్లు ఏం చూసుకుంటావు? ట్రాక్టరప్పుడే చెప్పినా మీ అక్కకు. ఈ సంబంధం ఇంతటితో సరి. ఇంటికి పోయి వినీలకు నేనే చెప్తా. నువ్వు మళ్లీ వాకాడు మొహం చూడొద్దు."

"బావా, తప్పు నాదే. నన్ను తిట్టు, కొట్టు. వినీలకు మాత్రం అట్టా చెప్పొద్దు. ఆ పిల్ల ఆశ పెట్టుకోనుంది బావా, నేను కూడా..."

"ఇంకేం మాట్లాడొద్దు. ఫోన్ పెట్టు."

"హరినాథన్నా, సలామ్."

"ఎవరది?"

"నేనన్నా, తౌసిఫ్‌ను. స్పీకర్లో ఉండావు. గేదె సంగతి నేను చెప్పలేదన్నా."

"గేదె? ఏ గేదె భాయ్?"

"తౌసిఫ్, నువ్వు నాకు మాటిచ్చినావు."

"ఇచ్చినానన్నా. అందుకే ఒక్క ముక్క చెప్పలా. బండి కొన్న తొమ్మిదో రోజే వాకాడు రోడ్డులో గేదెను గుద్దినావనీ చెప్పలా. బానెట్టుకు రంగేయించి, వాణమ్మకు తెలీకుండా నా చేత ఫిల్మ్ వేయించినావనీ చెప్పలా. నీ మాట మీదే ఉండా."

"బావా, ఉండావా? అక్కకు ఒక్క నిమిషం ఫోనియ్యి."

"అక్క నిద్రపోతా ఉంది, పాపం, ఎందుకు లేపేది... అది కాదు నరేంద్రా, ముహూర్తం మాఘమాసంలో పెట్టుకుందామా, ఫాల్గుణంలోనా?"