కోతులకు మస్టర్లు

రాయమల్లు నోరు తెరిచాడంటే గోదావరి నది కూడా గోదావరిఖని దగ్గర కాసేపు నిలబడి విని పోతుందని మల్లక్క టీ కొట్టు దగ్గర అందరూ అంటారు. ఆ పొద్దున మాత్రం మల్లక్కకు ఆ మాటలు వినబుద్ధి కాలేదు. పక్కింటి మనిషి కాబట్టి ఆమెకు సంగతి తెలుసు. ఇక చేసేదేం లేదని కరీంనగర్ దవాఖాన వాళ్లు చెప్పేశారు. రాయమల్లు భార్య సారవ్వను కూతురు ఆ రోజే ఇంటికి తీసుకొస్తోంది.

రెండు నెలల కింద దవాఖానకు పోయేముందు సారవ్వ తను సంచుల్లో పెంచిన స్ట్రాబెర్రీ మొక్కలను మొగుడికి అప్పగించింది. "నేలల పెట్టు. కోతులు ముట్టకుంట చూడు. ఒక్క పండన్న నా చేతులతోటి తెంపుకుంట" అంది.

"పెట్టిన గదా," అని మొదలుపెట్టాడు రాయమల్లు, టీ గ్లాసు పట్టుకుని. "పండ్లు పడ్డయి. ఒకనాడు గోడ మీదికి ఒక్క కోతి వచ్చింది. బొగ్గుబాయిల పైకప్పు గట్టిగున్నదా అని కొట్టి చూసే రాడ్ తోటి గోడకు రెండు దెబ్బలేసిన. గంతే, ఉరికింది!"

"ఉరుకుతది తియ్ కాకా," అన్నాడు షిఫ్టు దిగి వచ్చిన సంపత్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి మందను తోల్కొచ్చింది. ఇంటి రేకులు కనవడ్తలేవు, అన్నీ కోతులే! నేను భయపడ్తనా? బాయిల కప్పు కూలకుంట దుంగలు నిలవెట్టే టింబర్‌మన్ పని చేసినోన్ని. పెద్ద కోతిని పిలిచి కూసోవెట్టి చెప్పిన. దొంగతనం ఎందుకే, కావలి పని చెయ్యి, మూడు షిఫ్టులు, హాజరు మస్టర్ పడితేనే పండు, నాగా పెడితే లేదు అన్న. ఒప్పుకున్నది!"

"దొంగ చేతికే తాళాలిచ్చినవా కాకా! మస్టర్ ఎవరేసిండ్రు మరి?"

"ముసలి కోతొకటుండె, అదే. సైరన్ మోగితే షిఫ్టు మారేటియి. నెమళ్లొస్తే తరిమినయి. అడివి పందులొస్తే తోకలు పట్టి గుంజుకపోయి గోదావరిల పారేసినయి. ఆదివారం పనికి రెండింతల కూలిచ్చే ప్లేడే కావాలని కొట్లాటకొస్తే అదిగూడ ఇచ్చిన. పండ్లయితే అబ్బో, బాయిల పెట్టుకునే టోపీ అంత ఒక్కోటి! ఆఖరుకు బొగ్గు మోసే డంపర్ లారీ అంత పండొకటి కాసి, దాని వాసన మంచిర్యాల దాక వోతే, అక్కడి కోతులు గోదావరి బ్రిడ్జి మీద లైన్ కట్టినయి..."

అందరూ పగలబడి నవ్వారు. మల్లక్క నవ్వలేదు. కోతలు కోసేటప్పుడు రాయమల్లు చూపు ఎప్పుడూ జనం మీదే ఉండేది. ఇవాళ రోడ్డు మీదే ఉంది.

"అవన్నీ కలిసి సమ్మె చేసినయి," అన్నాడు గొంతు తగ్గించి. "నిన్న పొద్దుగాల మొత్తం తినిపోయినయి. ఒక్క పండు లేదు, ఒక్క ఆకు లేదు. నేనేం చేస్త చెప్పుండ్రి?"

మల్లక్క ఇక ఊరుకోలేకపోయింది.

"అన్నా, నీ పెరట్లకు కోతి ఏడ వచ్చింది? వస్తే తినెటందుకు ఏమున్నది? బాయిల దుంగ నిలవెట్టినట్టు లోతుగ గుంట తీసి, మొక్కలను నెత్తి దాక మన్నుల కప్పి తొక్కితివి. నెత్తి బయట ఉండాలె, లేకుంటె కుళ్లుతదని వదినె నాకు చెప్పింది, నేను గోడ మీదికెల్లి మొత్తుకున్న. 'పాతుడు నాకు నేర్పుతవా' అంటివి. అన్నీ కుళ్లిపోయె."

నవ్వులు ఆగిపోయాయి. రాయమల్లు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"గట్టిగ నిలవాలెనని గట్ల పెట్టిన మల్లక్కా. నేనే సంపిన అని దానికెట్ల చెప్పాలె? మళ్ల పెడదామంటే, అవి కాసేదాక అది ఉంటదా? కోతులే తిన్నయని చెప్పుండ్రి. కోతులను తిట్టుకుంటది. మీ కాళ్లు మొక్కుత."

మల్లక్కకు ఎందుకు నోరు జారానా అని ఏడుపొచ్చింది. అంతలోనే కారొకటి వచ్చి, సందు మొదట్లో కొట్టు ముందు ఆగింది. వెనక సీట్లో కూతురి భుజం మీద వాలి ఉంది సారవ్వ, సగం మనిషైపోయింది.

"మల్లక్కా, నా మొక్కలెట్లున్నయి?"

అందరికన్నా ముందు మల్లక్కే కారు దగ్గరికి పోయింది. "కోతులు తిన్నయి వదినె. అన్న కొట్లాడిండు గని, ఆగలే."

సారవ్వ కోతులను తిట్టలేదు. ఆమె ముఖం కొంచెం వెలిగింది.

"అయితే కాసినయన్నట్టు," అంది. మెల్లగా మొగుడి వైపు తల తిప్పింది. "నువ్వు చూసినవు గదా. ఎర్రగున్నయా?"

డంపరంత పండు కాయించిన రాయమల్లు తల మాత్రం ఊపాడు.