కూర్చున్నందుకు

వద్దు సార్, ఆ స్టూలు మీరే తీసుకోండి. నేను నిలబడే చెబుతాను. నిన్నటిదాకా ఈ బట్టల కొట్టులో పనిచేసే ఆడవాళ్లకి కూర్చోవడం అన్న మాటే లేదు. లేబర్ ఆఫీసు నుంచి మీరొస్తున్నారని తెలిసిందో లేదో, పుట్టగొడుగుల్లా స్టూళ్లు మొలిచాయి! అనుమానం రాదా మరి?

ఆ, మా వదిన గురించేగా అడుగుతున్నారు? మా అన్నయ్య భార్యండీ. నాకీ పని ఇప్పించిందే తను.

ఆ రోజు పెళ్లిబట్టలకని ఎవరో గుంపుగా వచ్చారు. వదినకి ఏడో నెల. పొద్దున్నించీ తాన్లు దించుతూనే ఉంది, కాళ్లు దిమ్మల్లా వాచిపోయాయి. కొట్టు కాస్త ఖాళీ అయ్యాక ఓ మూట మీద కూలబడింది. ఓనరుగారు చూడనే చూశారు. "ఇదేమన్నా నీ పుట్టిల్లా?" అన్నారు. వదిన ఊరుకునే రకమా? "కాళ్లు నావేనండీ" అంది. అంతే! సాయంత్రానికి పని ఊడింది.

ఇప్పుడా పసిది గోడ పట్టుకుని నడుస్తోంది. ఈలోగా కూర్చోవచ్చని చట్టమొచ్చింది. నా పని నాకిప్పించండని వదిన మీకు అర్జీ పెట్టుకుంది.

నిన్న ఓనరుగారు నన్ను తన అద్దాల గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది "అమ్మా" అన్నారు సార్! "కూర్చునే హక్కు ఇప్పుడే వచ్చింది, అప్పట్లో లేదు. ఆ ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నారు. ఒక్క ముక్కేనట! అప్పట్లో లేదంటే వదినదే తప్పయి కూర్చోదూ?

అప్పట్లో ఉందా లేదా అని మీరూ అచ్చం అదే అడుగుతున్నారు. ఆ ప్రశ్న మీదేనా సార్, ఆయన అందించిందా? కోప్పడకండి. ఇందాక మీకు కూల్‌డ్రింకు ఆ గదిలోంచే వచ్చింది, చూశాను.

అయినా, ఆ చట్టం రాసినవాళ్లు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి రాశారండీ? ఎక్కడో ఎవరికో కాళ్లు పీకితేనేగా రాయాలని తోచింది? వాళ్లు రాస్తేనే వచ్చిందంటే, రేపు కొట్టేస్తే పోతుందా? ఆ మాటా చెప్పండి మరి!

ఏమిటీ? తేల్చి చెప్పమంటారా?

ఉంది సార్. ఆ రోజూ ఉంది. కాగితం మీద లేదంతే. రాసుకోండి, నే చెప్పింది చెప్పినట్టే రాసుకోండి.

అదుగో, అద్దాల గదిలోంచి ఇటే చూస్తున్నారు. రేపణ్ణించి నాకూ ఇక్కడ పని ఉండదు. ఇంట్లో వదినా నేనూ ఎదురెదురుగా కూర్చుంటాం, తీరిగ్గా. పోనిద్దురూ!